రోజంతా గాలం వేయడానికి వెళ్తున్నాం, తిండి ఏమి కట్టుకెళ్లాలి?

కొత్తగాలం | బుధవారం, రాత్రి 8.40

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మా నాన్నగారిని, పదేళ్ల అబ్బాయిని వెంటబెట్టుకుని ఒక పెద్ద చెరువు గట్టుకు వెళ్తున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, పొద్దుగుంకాక తిరిగి వస్తాం. గాలాలు, ఎరలు, గొడుగు గురించి ఇక్కడి పాత చర్చలు చదివి అన్నీ సిద్ధం చేసుకున్నాను. తిండి దగ్గరే ఆగిపోయాను.

దగ్గరలో దుకాణం లేదు. మంట పెట్టకూడదని బోర్డు ఉంది కాబట్టి అక్కడ వండుకునే వీలు లేదు. మధ్యాహ్నం ఎండ 35 డిగ్రీలు దాటవచ్చు. నాన్నగారికి మధుమేహం, మాత్రలు వాడతారు. అబ్బాయి ఆకలికి ఆగలేడు. పెద్ద క్యారియర్ నిండా అన్నం, కూరలు వండి ఇస్తామని ఇంట్లో అంటున్నారు. అది సరిపోతుందా? వేరే ఏర్పాటు ఏమైనా మంచిదా?

గట్టుపెద్ద | బుధవారం, రాత్రి 9.05

క్యారియర్ ఇంట్లోనే ఉంచండి. వడ్డించుకుని, కలుపుకుని తినే భోజనానికి శుభ్రమైన చెయ్యీ, పావుగంట తీరికా కావాలి. గట్టు మీద ఆ రెండూ దొరకవు. గిన్నె మూత తీయగానే చేప ఎర లాగి, గాలం తీగకు కట్టిన బెండు మునుగుతుంది. ఎందుకని నన్ను అడగకండి, చేపల్ని అడగండి.

నేను చూసుకునేది ఇంతే. ఒక చేత్తో పట్టుకోగలగాలి. సగం తిని వదిలేసి పరుగెత్తి, మళ్లీ వచ్చి అందుకున్నా ఫరవాలేదనిపించాలి. వేళ్లకు నూనె అంటకూడదు. చుట్టిన రొట్టె, ఉడికించిన గుడ్డు, ఉడికిన బంగాళదుంప ముక్కలు, వేయించిన పల్లీలు, తొక్క ఉన్న పళ్లు ఇలాంటివి. పల్చటి కూరలు వద్దు. ముళ్లున్న చేప కూర మరీ వద్దు. ఒక కన్ను బెండు మీద, ఒక కన్ను ముల్లు మీద పెట్టి తినడం ఎవరి వల్లా కాదు.

తినే వేళ కూడా ముందే అనుకోండి. వేడి రోజుల్లో చేపలు ఎక్కువగా వేకువనా, పొద్దు వాలాకా మేతకు తిరుగుతాయి. నడి మధ్యాహ్నం మందకొడిగా ఉంటాయి. అందుకని బయలుదేరే ముందే ఇంట్లో కొంత తినండి. ఉదయమంతా కొరుక్కునే తిండితో గడిపి, అసలు భోజనం పన్నెండు దాటాక నీడలో పెట్టుకోండి. సాయంత్రం ఎర తాకిడి మొదలైనప్పుడు ఆకలితో ఎవరూ చికాకు పడకుండా నాలుగింటికి మరో చిన్న పొట్లం.

మంచుపెట్టె | బుధవారం, రాత్రి 9.50

గట్టుపెద్ద గారు చేతి సంగతి చెప్పారు, నేను గడియారం సంగతి చెబుతాను. వండిన ఆహారంలో సూక్ష్మజీవులు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేగంగా పెరుగుతాయి. ఆ వేడిలో రెండు గంటలకు మించి ఉన్న ఆహారం తినకూడదన్నది ఆహార భద్రతలో అందరూ పాటించే హద్దు. బయట 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక గంటకు తగ్గుతుంది. మీరు నాలుగింటికి సర్దిన కూరను పన్నెండున్నరకు తింటారు. ఎనిమిది గంటలకు పైనే. వాసన రాలేదు కదా అనుకోవడానికి లేదు, జబ్బు చేసే క్రిములన్నీ వాసన పుట్టించవు. పైన చెప్పిన జాబితాలో గుడ్లకూ, బంగాళదుంపలకూ కూడా ఇదే వర్తిస్తుంది. పల్లీలకు, పళ్లకు వర్తించదు.

అంటే ప్రతి పదార్థానికీ మూడింటిలో ఒక దారి చూడాలి. చల్లగా ఉంచడం, వేడిగా ఉంచడం, లేదా ఏ వేడిలోనూ పాడవని పొడి తిండి ఎంచుకోవడం. వేడిగా ఉంచాలంటే మంచి ఫ్లాస్కు కావాలి. ముందు అందులో మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి పారబోసి, పొగలు కక్కుతున్న పదార్థాన్ని అంచు దాకా నింపి బిగించాలి. సగం నింపితే త్వరగా చల్లారిపోతుంది. మీరున్న ఎండకు నేనైతే చల్లని దారే పడతాను.

మంచు పెట్టె విషయంలో చాలామంది చేసే పని ఒకటుంది. ఇంట్లో బల్ల మీద ఉన్న నీళ్ల సీసాలు, అప్పుడే వండిన తిండి, పైన కాసిని మంచు ముక్కలు వేసి మూత పెట్టేస్తారు. కిలో మంచు కరగడానికి దాదాపు 334 కిలోజౌళ్ల వేడి పడుతుంది. నాలుగు లీటర్ల నీటిని 20 డిగ్రీలు చల్లబరచడానికి తీసేయాల్సిన వేడి కూడా అంతే. నాలుగు లీటరు సీసాలను మామూలు వేడిలో పెట్టెలో పెట్టారంటే, గట్టు చేరేలోపే ఒక కిలో మంచు వాటికే ఖర్చయిపోతుంది. కాబట్టి లోపలికి వెళ్లే ప్రతిదీ ముందు రాత్రే ఫ్రిజ్‌లో చల్లబడి ఉండాలి. పెట్టెను కూడా ముందు రాత్రి కాస్త మంచు వేసి చల్లబరచండి.

చిన్న ముక్కల కంటే పెద్ద గడ్డ నెమ్మదిగా కరుగుతుంది. నీళ్ల సీసాలనే గడ్డకట్టించి వాడుకుంటే మధ్యాహ్నానికి అవే తాగే నీళ్లు. గడ్డకట్టేటప్పుడు నీరు దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, సీసా మెడ దాకా నింపకండి. తాగేవాటికి వేరే సంచి పెట్టండి. పిల్లవాడు పది నిమిషాలకోసారి మూత తీస్తాడు, తిండి పెట్టె ఆ గొడవలో ఉండకూడదు.

పాతకాపు | గురువారం, ఉదయం 6.15

ఇంత లెక్కలా! మా చిన్నప్పుడు రాత్రి వండిన అన్నం మూట కట్టుకుని పొద్దంతా నీళ్ల దగ్గర గడిపేవాళ్లం. మధ్యాహ్నం విప్పుకుని తినేవాళ్లం. మంచు లేదు, పెట్టె లేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పటి పిల్లలకు అన్నం అంటేనే భయం పెట్టేస్తున్నారు.

మంచుపెట్టె | గురువారం, ఉదయం 7.30

పాతకాపు గారూ, అన్నం మీద నాకు పగ లేదు, రోజూ తినేది అదే. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు బియ్యంలో తరచుగా ఉంటాయి, అవి ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే మొలకెత్తి పెరుగుతాయి. వాటిలో కొన్ని రకాలు వాంతులు కలిగించే విషాన్ని విడుదల చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అన్నం తిన్న ప్రతివారికీ అలా అవుతుందని కాదు. ఒకవేళ అయితే అర గంట నుంచి ఆరు గంటల లోపే వాంతులు మొదలవుతాయి. ఇంట్లో అయితే పడుకోవచ్చు. గట్టు మీద ఎండలో, మధుమేహం ఉన్న పెద్దాయనతో, బాత్రూము లేని చోట అది వేరే సంగతి.

అన్నమే కావాలంటే వండగానే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి, ఆవిరి పోగానే గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మంచు పెట్టెలోనే తీసుకెళ్లండి. నిమ్మరసమో వెనిగరో కలిపితే పులుపు క్రిములను కొంత అదుపు చేస్తుంది గానీ, ఇంట్లో ఎంత కలిపాం, అన్ని మెతుకులకూ పట్టిందా అన్నది చెప్పలేం. పులుపును నమ్ముకుని మంచు మానేయకండి.

పాతకాపు | గురువారం, ఉదయం 7.52

పళ్లెంలో పరవడం మా అమ్మ కూడా చేసేది. ముద్ద కాకుండా పొడిపొడిగా ఉంటుందని. సరే, దీనికి ఒప్పుకుంటున్నాను. మిగతాదానికి కాదు.

వంటింటికిటికీ | గురువారం, ఉదయం 11.20

నేను గాలం ముట్టను. మా ఆయన, బావగారు వెళ్తారు. కట్టి పంపేది నేను, తిరిగి వచ్చిన డబ్బాలు విప్పేది కూడా నేనే, కాబట్టి వాళ్లు ఏమి తిన్నారో, ఏమి తినకుండా దాచి తెచ్చారో వాళ్లకంటే నాకే బాగా తెలుసు. కూరలు తిరిగి వస్తాయి. చుట్టిన రొట్టెలు ఎప్పుడూ తిరిగి రావు.

రొట్టె చుట్టడంలో అసలు శత్రువు తడి. రొట్టెలు, లోపలి కూర రెండూ పూర్తిగా చల్లారాకే చుట్టాలి. వేడి మీద చుడితే ఆవిరి లోపలే నీరై, పొద్దున్నకు పిండిముద్ద అవుతుంది. రొట్టె లోపలి వైపు వెన్న పల్చగా అంచుల దాకా రాయండి, కూర తడి రొట్టెకు పట్టకుండా అది అడ్డుకుంటుంది. లోపలికి నీరు ఇగిరేదాకా వేయించిన బంగాళదుంప, లేదా ఉడికించి మెదిపిన శనగల్లో ఉప్పు, మిరియాలు, నిమ్మరసం. గుడ్డు అయితే పగలగొట్టి వేయించినది గట్టిగా ఉడకాలి, తడితడిగా వదలకండి. టమాటా, దోసకాయ ముక్కలు లోపల పెట్టకండి. విడిగా డబ్బాలో పెట్టి తినేటప్పుడు కొరుక్కోమనండి. ఉల్లిపాయ పచ్చిది అసలు వద్దు, సాయంత్రానికి పెట్టె మొత్తం అదే వాసన.

ఒక్కో రొట్టెను ముందు కాగితంలో, పైన రేకు కాగితంలో విడివిడిగా చుట్టండి. కాగితం సగం దాకా విప్పి మిగతా సగం పట్టుకుని తింటే చెయ్యి తిండికి తగలదు. ఎర పట్టుకున్న చేతులకు ఇంతకంటే మంచి ఉపాయం లేదు. పొట్లం మీద ఎవరిది, ఏ పూటది అని రాయండి. లేకపోతే నాలుగింటి పొట్లం తొమ్మిదింటికే మాయమవుతుంది.

మరో సంగతి. బ్రెడ్డు మధ్య వెన్న, చీజ్ లేదా ఉడికిన మాంసం పెట్టి ముందు రోజే ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే, పెట్టెలో అవి కూడా మంచులాగే పనిచేస్తాయి. మధ్యాహ్నానికి కరిగి మెత్తబడతాయి. పచ్చి కూరగాయలు, ఉడికిన గుడ్డు ఉన్నవాటిని మాత్రం గడ్డకట్టించకండి. ముక్కలు నీరు కారతాయి, గుడ్డు తెల్లసొన రబ్బరు అవుతుంది.

ఉడికించిన గుడ్లు పెంకుతోనే పంపండి, వలిచి పంపకండి. ఉప్పు, మిరియాలు చిన్న పొట్లంలో.

సీసపుగుండు | గురువారం, మధ్యాహ్నం 1.10

అందరూ తిండి గురించే చెబుతున్నారు, తినే చేతుల గురించి ఎవరూ చెప్పలేదు. నా పేరు చూసి నవ్వకండి. గాలం తీగకు కట్టే సీసపు గుండ్లను వేళ్లతో నలిపి, పళ్లతో నొక్కి బిగించేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. సీసం ఒంట్లో చేరితే తొందరగా బయటకు పోదు, ఎముకల్లో ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు అది మరీ చేటు. బ్రిటన్‌లో 1987లోనే 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల దాకా ఉండే సీసపు గుండ్ల అమ్మకాన్ని నిషేధించారు, హంసలు వాటిని మింగి చచ్చిపోతున్నాయని. అబ్బాయి చేతికి టిన్ లేదా టంగ్‌స్టన్ గుండ్లు ఇవ్వండి. పళ్ల పని పటకారుకు అప్పగించండి.

సీసం తర్వాత ఎర. పురుగులు, కోడి పేగులు, కుళ్లిన పిండి, ఆపైన చేప జిగురు. చేతులు శుభ్రం చేసే జెల్ రాసుకుంటే చాలనుకోకండి. మురికి, జిడ్డు ఉన్న చేతి మీద అది సరిగా పనిచేయదు, సీసాన్ని అసలు తొలగించదు. ఐదు లీటర్ల డబ్బా, కింద కుళాయి, ఒక సబ్బు, పాత తువ్వాలు. తినే ముందు ఇరవై సెకన్లు రుద్ది కడగండి. చెరువు నీళ్లతో కడిగి తినడం కడగనట్టే.

దోమల మందు కూడా గుర్తుపెట్టుకోండి. డీట్ ఉన్న మందులు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. రాసుకున్న చేత్తో తిండి డబ్బాలూ, గాలం తీగా పట్టుకోవద్దు.

గట్టుపెద్ద | గురువారం, మధ్యాహ్నం 2.00

సీసపుగుండు గారి మాటకు చిన్న చేర్పు. మనం తినేవే కొన్ని ఎరగా కూడా పనికొస్తాయి. మొక్కజొన్న గింజలు, బ్రెడ్డు ముద్ద, చీజ్. ఒకే డబ్బా తెరిచి కాసిని గాలానికి, కాసిని నోటికి వేసుకునే మహానుభావులను చూశాను. ఎర డబ్బా వేరు, తిండి డబ్బా వేరు. రెండింటికీ వేర్వేరు రంగు మూతలు ఉంటే పిల్లవాడు కూడా పొరబడడు.

బెండుమునిగింది | గురువారం, సాయంత్రం 5.30

పళ్లు అన్నారు కదా, అరటిపళ్లు తీసుకెళ్లవద్దు! పడవలో అరటిపండు ఉంటే చేప పడదని సముద్రంలో వేటాడేవాళ్లలో ఎప్పటి నుంచో ఉన్న నమ్మకం. నేను నవ్వేవాడిని. ఇప్పుడు నవ్వను, కానీ కారణం చెప్పను.

గట్టుపెద్ద | గురువారం, సాయంత్రం 5.41

వీళ్లు వెళ్లేది గట్టు మీదికి, పడవ మీదికి కాదు. అరటిపండుతో అసలు చిక్కు సంచి అడుగున పడి నలగడం. యాపిల్, నారింజ పెట్టండి. నారింజ తొక్క నీళ్లలోకి విసిరేయకుండా ఇంటికి తెచ్చేయండి, అక్కడ అది చాలా కాలం అలాగే పడి ఉంటుంది.

వార్డుడ్యూటీ | గురువారం, రాత్రి 10.15

ఆసుపత్రి పని ముగించుకుని ఇప్పుడే చదివాను. నాన్నగారి గురించి ఎవరూ మాట్లాడలేదు.

మధుమేహానికి ఏ మాత్రలు వాడుతున్నారో చూడండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే చక్కెర మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి సల్ఫొనైలూరియా మాత్రలు ఉంటే మాత్రం, మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేయడం ప్రమాదం. 'ఈ ఒక్క చేప పట్టి తింటాను' అని గంట గడిపేస్తారు. ఆ గంటే కొంప ముంచుతుంది. ఆ రోజు తినే వేళలు చెప్పి, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో శనివారం లోపు వారి డాక్టరును అడగండి. మీ అంతట మీరు మాత్ర మానిపించకండి.

చెమటలు, వణుకు, తికమక, కారణం లేని కోపం కనిపిస్తే చక్కెర పడిపోయిందేమో చూడాలి. ఎండలో చెమట ఎలాగూ పడుతుంది కాబట్టి గుర్తించడం కష్టం. చక్కెర కొలిచే పరికరం వెంట ఉంచండి, ఎండలో కాకుండా నీడలో. చక్కెర 70 కంటే తక్కువ ఉంటే 15 గ్రాముల తీపి వెంటనే ఇవ్వాలి. అంటే నాలుగు చిన్న చెంచాల పంచదార నీళ్లలో, లేదా అర కప్పు పళ్ల రసం. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ కొలవాలి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వాలి. కుదుటపడ్డాక రొట్టె లాంటిది తినిపించాలి. చాక్లెట్ దీనికి పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఒంటికి అందుతుంది. ఆయన స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, వెంటనే అంబులెన్సును పిలవండి. ఈ తీపి పొట్లం పెట్టె అడుగున ఉండకూడదు, ఆయన చొక్కా జేబులో ఉండాలి.

నీళ్లు పెద్దవాళ్లకు తలా మూడు లీటర్లకు తగ్గకుండా పెట్టండి, చేతులు కడిగే డబ్బా కాకుండా. దాహం వేసేదాకా ఆగకండి. పెద్ద వయసులో దాహం ఆలస్యంగా తెలుస్తుంది. తీపి శీతల పానీయాలు ఆయనకు వద్దు. బాగా చెమట పడుతుంది కాబట్టి ఉప్పు పల్లీలు మంచివే, రక్తపోటు ఉంటే ఉప్పు లేనివి. గుండెకో, మూత్రపిండాలకో జబ్బు ఉంటే నీళ్ల లెక్క కూడా డాక్టరునే అడగాలి.

ఎవరైనా బీరు డబ్బాలు సర్దుతుంటే: మద్యం అడుగు తడబడేలా చేస్తుంది, ఒంట్లో నీరు తగ్గిస్తుంది, చక్కెరను కూడా పడగొట్టగలదు. నీటి ఒడ్డున ఈ మూడూ చెడ్డవే.

కొత్తగాలం | శుక్రవారం, ఉదయం 8.00

అందరికీ ధన్యవాదాలు. నాన్నగారు వాడేది గ్లిమెపిరైడే. ఈ సాయంత్రం డాక్టరును కలుస్తున్నాం.

ఇంట్లో మాట్లాడి ఇలా అనుకున్నాం. శనివారం సాయంత్రం బంగాళదుంప, శనగల రొట్టెలు చుట్టి ఫ్రిజ్‌లో పెడతాం. గుడ్లు పెంకుతో ఆరు. దోసకాయ ముక్కలు, యాపిళ్లు, పల్లీలు. బయలుదేరే ముందు ఇంట్లో వేడి జావ. మంచుకు ఆరు సీసాలు గడ్డకట్టిస్తాం. తిండికి ఒక పెట్టె, తాగేవాటికి ఒక సంచి. పట్టిన చేపలు కూడా తిండి పెట్టెలోనే ఒక పక్కన కవరులో పెట్టుకోవచ్చా? మూడో పెట్టె లేదు. ఒకవేళ తాగే నీళ్లు అయిపోతే చెరువు నీళ్లు గుడ్డతో వడపోసి తాగవచ్చా?

మంచుపెట్టె | శుక్రవారం, ఉదయం 8.35

చేపలు తిండి పెట్టెలో వద్దు. కవరు కారుతుంది, కారకుండా ఎప్పుడూ ఉండదు. మధ్యాహ్నం దాకా పట్టినవాటిని వదిలేయండి, లేదా పాత థర్మోకోల్ పెట్టె ఒకటి సంపాదించండి. చేపను వెంటనే చంపి, రక్తం తీసి, పొట్ట శుభ్రం చేసి మంచు మధ్యలో పెట్టాలి. నీళ్ల బకెట్‌లో ఎండకు వదిలేసిన చేప సాయంత్రానికి వండడానికి పనికిరాదు. సముద్రంలో వేటాడేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ట్యూనా, మాకెరెల్ వంటి చేపలు వెచ్చగా ఉంటే వాటిలో జబ్బు చేసే హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది, ఆ తర్వాత ఎంత ఉడికించినా పోదు.

గుడ్డతో వడపోస్తే నలకలు పోతాయి, క్రిములు పోవు. ఒక నిమిషం పాటు తెర్లేలా మరిగిస్తే క్రిములు చస్తాయి, కానీ మీకు అక్కడ మంట లేదు. పైగా ఆకుపచ్చ తెట్టు కట్టిన చెరువులో నీలి ఆకుపచ్చ నాచు విషాలు ఉండవచ్చు, మరిగించినా అవి పోవు. కారులో ఇంకో ఐదు లీటర్లు పెట్టుకోండి. బరువు మోసేది కారే కదా.

వంటింటికిటికీ | శుక్రవారం, ఉదయం 9.10

ఆరు గుడ్లు ఎవరికి? పదేళ్ల పిల్లవాడు ఒకటి తింటాడు, రెండోది నీళ్లలోకి విసిరి చూస్తాడు. నాలుగు చాలు. వాడికి విడిగా చిన్న చిన్న పొట్లాలు చేసి సొంత సంచిలో ఇవ్వండి. గంటకొకటి విప్పుకుంటాడు, మీ పెట్టె జోలికి రాడు. పొడిగా ఉండేవే పెట్టండి, బిస్కెట్లు, ఎండు ద్రాక్ష, పల్లీలు.

కొత్తగాలం | సోమవారం, ఉదయం 7.20

వెళ్లి వచ్చాం. నాన్నగారికి డాక్టరు మాత్ర వేళ మార్చి రాసిచ్చారు, రోజంతా కులాసాగా ఉన్నారు. రొట్టెలదే విజయం. నాలుగింటి పొట్లం పేరు రాసినా పదింటికే పోయింది, రాసిన పేరు మాత్రం నాదే. చేపలు చిన్నవి పడ్డాయి, నీళ్లలోకే వదిలేశాం.

ఒక సందేహం. శనగల రొట్టెలు మూడు మిగిలాయి. ఇంటికి వచ్చి చూస్తే పెట్టెలో సీసాలు ఇంకా సగం గడ్డకట్టే ఉన్నాయి. మూడింటిలో ఒకటి మధ్యాహ్నం బయటికి తీసి, తినకుండా సాయంత్రం మళ్లీ పెట్టెలో పెట్టాం. అన్నీ ఫ్రిజ్‌లో పెట్టాను. తినవచ్చా?

మంచుపెట్టె | సోమవారం, ఉదయం 7.45

పెట్టె కదలకుండా మంచు పక్కనే ఉన్న రెండూ ఈ రోజు తినేయండి. బయటికి తీసినది పారేయండి. ఏది ఏదో గుర్తు లేకపోతే మూడూ పారేయండి.

వంటింటికిటికీ | సోమవారం, ఉదయం 8.02

పొట్లాల మీద పేర్లు రాయించాను కదా, గుర్తు లేకపోవడం ఏమిటి?

కొత్తగాలం | సోమవారం, ఉదయం 8.10

గుర్తుందండీ. బయటికి తీసినది నాన్నగారిది. పారేశాను.